వాదం లేని చోట వకీలు



'విడాకులు' అన్న మాట పుట్టుకను గురించి నాలుగు ముక్కలు వ్రాద్దామని ఈ టపా మొదలుపెట్టాను. వ్రాస్తూ వ్రాస్తూ ఉండగా అది నేను చేసిన ఒక తప్పును గురించిన టపా అయింది. కనుక ముందుగా ఆ తప్పునే మీ ముందుంచుతాను.

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు మా పాత కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. గోదావరి ఆవలి ఒడ్డున ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు విడివడ్డాయి. ఆ వారంలోనే ఒక సాయంకాలం, యాభై దాటిన ఒక స్త్రీ మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చింది. సంచిలో నుండి మడతల దగ్గర చిరిగిన ఒక స్టాంపు కాగితం తీసి నా ముందు పెట్టింది.

"సారూ, గీ అచ్చరాలు మీయే గదా?"

నావే. గుండ్రని నా దస్తూరీని నేను గుర్తుపట్టలేనా? 1986 వేసవిలో నేను వ్రాసి ఇచ్చిన 'ఇడుపు కాయితం' అది.

నేను 1983లో తెలుగు పండితునిగా ఉద్యోగంలో చేరాను. మొదటి ఊరు జగిత్యాల వైపు. మరుసటి యేడు, 1984 జనవరిలో, రామారావుగారి ప్రభుత్వం పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసింది. ఊళ్ళో దస్తావేజు వ్రాయాలంటే అంతవరకు పట్వారీయే దిక్కు. అతడు పోయిన తరువాత జనం బడిపంతులు దగ్గరకు రావడం మొదలుపెట్టారు. పాలు పంచుకున్న కాగితం, అప్పు కాగితం, రాజీ కాగితం, అన్నీ నేనే వ్రాసేవాణ్ణి. డబ్బు తీసుకునేవాణ్ణి కాను. నాలుగు మంచి వాక్యాలు వ్రాసే అవకాశమే నాకు చాలునని అనిపించేది.

ఆ యేడు హనుమాండ్ల గుడి ముందు కులపెద్దలు కూర్చున్నారు. ఆలుమగలిద్దరూ చెరొక పక్క నిలబడ్డారు. పెళ్ళయి నాలుగేళ్ళు. అతడు దుబాయికి పోయి వచ్చి మళ్ళీ పోయేవాడు. కలిసి ఉన్నది అంతా కలిపి ఆరు నెలలు కూడా కాదు. కొట్లాట లేదు, తిట్లు లేవు. ఇద్దరికీ పొసగలేదు, అంతే. పెట్టినవి, పోసినవి లెక్కచూసుకున్నారు. ఆమె సొమ్ములు ఆమెకు ముట్టాయి. పెద్దమనిషి నా వైపు తిరిగి, "పంతులూ, మా కులకట్టు ప్రకారం ఇద్దరు ఒప్పుకొని ఇడిసిపెట్టుకున్నరని రాయి" అన్నాడు.

నేను వ్రాశాను. కాని ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు వ్రాయలేదు. 'మా కులకట్టు ప్రకారం' అన్న మాటలు నాకు మొరటుగా తోచాయి. 'పరస్పర సమ్మతితో, స్వేచ్ఛాపూర్వకంగా' అని దిద్ది వ్రాశాను. చదివి వినిపించితే అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు ఎంతో తృప్తిగా నిద్ర పట్టింది.

ఆమె రెండేళ్ళకు మారుమనువు చేసుకున్నది. రెండవ భర్త చిన్న ఉద్యోగి. ఎన్నో ఏళ్ళ కాపురం తరువాత ఆయన పోయాడు. కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆయన తోబుట్టువులు అడ్డం వచ్చారు. ఈమె మొదటి భర్త బ్రతికే ఉన్నాడు గనుక రెండవ పెళ్ళి చెల్లదన్నారు. కార్యాలయం వారు కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ తెమ్మన్నారు. ఈ కాగితం చూపిస్తే ప్రక్కకు నెట్టారట.

"మీరు రాసింది చెల్లదంటున్నరు సారూ. గందుకే మీ దగ్గరికే వచ్చిన."

నిష్ఠూరం లేకుండా అన్నది. అది నన్ను మరింత కుదిపింది.

మరునాడే ఆమెను వెంటబెట్టుకొని కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గరకు పోయాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి అడిగాడు. "పంతులుగారూ, ఇందులో భాషా దోషం ఒక్కటీ లేదు. కాని 'కులాచారం ప్రకారం' అన్న మాట ఎక్కడ ఉంది?"

నేను కొట్టివేసిన మాటే చట్టానికి కావలసిన మాట! అది ఎందుకో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటాను.

ముందుగా మాట సంగతి. విడు, ఆకు కలిసి ఉత్వసంధితో 'విడాకు' అయింది. విడిచిపెట్టే ఆకు. ఇక్కడ ఆకు అంటే ఏమిటి? తాటాకు మీద వ్రాసిన పత్రమని ఒక వివరణ చెప్పవచ్చు. తుంచి పారవేసే ఆకు అని మరొకటి చెప్పవచ్చు. జార్ఖండ్, బెంగాల్ ప్రాంతాల సంతాలులలో దంపతులు విడిపోయేటప్పుడు సాలవృక్షపు ఆకును చించే ఆచారం ఉన్నది. కనుక రెండవ వివరణ కూడా త్రోసివేయదగినది కాదు. మా తెలంగాణలో 'ఇడుపు కాయితం' అంటారు. విడుపు అన్నా విడు అన్నా ధాతువు ఒకటే. ఆకు పోయి కాగితం వచ్చింది. ఎక్కడ చూసినా ఈ మాటలో విడిపోవడంతో పాటు దానికొక గుర్తు కూడా ఉన్నది. నోటితో విడిచిపెడితే చాలదు, చేతికి ఏదో ఒకటి రావాలని మన పూర్వులకు తెలుసు.

ఇక శాస్త్రం సంగతి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దంపతుల వియోగానికి వాడిన మాట 'మోక్షం'. ఒకరికి ఇష్టం లేకపోతే చాలదు, ఇద్దరికీ పరస్పరం ద్వేషం ఉంటే మోక్షం కలదన్నాడు. అయితే బ్రాహ్మాది ధర్మవివాహాలకు ఆ వెసులుబాటు లేదని కూడా అన్నాడు. తరువాతి ధర్మశాస్త్రకారులు ఈ రెండవ మాటనే పట్టుకున్నారు. వివాహం విడరాని సంస్కారమన్నారు. కాని ఊళ్ళలో శ్రమ చేసి బ్రతికే కులాలు మొదటి మాట ప్రకారమే నడిచాయి. ఆ కులాల వారు కౌటిల్యుణ్ణి చదివి చేసిన పని కాదది.

ఈ సంగతికి నిజాం రాజ్యంలోనే గట్టి సాక్ష్యం ఉన్నది. సయ్యద్ సిరాజుల్ హసన్ అనే ఆయన నిజాం హైకోర్టు న్యాయమూర్తులలో ఒకరు. ఆ సంస్థానంలోని కులాలు, తెగల ఆచారాలను గురించి ఇంగ్లీషులో పెద్ద గ్రంథం వ్రాశారు. 1920లో బొంబాయిలో అచ్చయింది. కులం తరువాత కులాన్ని వర్ణిస్తూ, పంచాయతీ అనుమతితో దంపతులు విడిపోవచ్చునని, విడిపోయిన స్త్రీ మారుమనువు చేసుకోవచ్చునని అనేక చోట్ల నమోదు చేశారు. ఊరి రచ్చ మీద జరిగే తతంగాన్ని ఒక న్యాయమూర్తి పుస్తకానికి ఎక్కించాడన్న మాట.

గోదావరి దాటితే ఆదిలాబాదు. 1990లలో నేను ఆసిఫాబాదు వైపు కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ గోండుల గూడెంలో ఇటువంటి తగవు ఒకటి చూశాను. పట్లా ఒకడే చెప్పి ముగించలేదు, పెద్దలందరూ కూర్చున్నారు. ఆడమనిషిని కూడా నోరు విప్పి చెప్పమన్నారు. ఇచ్చిన ఓలి ఎంత, తిరిగి ముట్టవలసినది ఎంత అన్నది అందరి ఎదుట తేల్చారు. కాగితం లేదు. గూడెం మొత్తం జ్ఞాపకమే కాగితం. 1940 నాటి జోడేఘాట్ ఘటన తరువాత ఈ ప్రాంతంలో పరిశోధన చేసిన హైమండార్ఫ్ 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద ప్రకటించిన గ్రంథంలో ఈ పంచాయతీల గురించి వ్రాశారు. ఈనాటికీ గోండులకు రాయి సెంటర్లు ఉన్నాయి, వాటికి సర్‌మేడీలు ఉన్నారు. 1996 నాటి పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతాలలో సంప్రదాయ రీతిన తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉన్నదని చెప్పింది.

మరి చట్టం ఎప్పుడు వచ్చింది? హిందువుల విడాకులకు శాసనం చేసిన సంస్థానాలలో బరోడా ఒకటి, 1931లో. బొంబాయి రాష్ట్రం 1947లో, మద్రాసు రాష్ట్రం 1949లో చేశాయి. మద్రాసు శాసనం సర్కారు, రాయలసీమ జిల్లాలకు వర్తించింది గాని, హైదరాబాదు రాజ్యంలో ఉన్న మనకు వర్తించలేదు. హిందూ కోడ్ బిల్లు చర్చలో అంబేద్కర్, హిందువులలో అత్యధికులైన శూద్రులలో విడాకుల ఆచారం ఎప్పటినుండో ఉన్నదని వాదించారు. ఆ బిల్లు ముందుకు సాగక ఆయన 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. చివరకు 1955 మే 18న హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. 1955 చట్టంలో ఇద్దరూ ఒప్పుకొని విడిపోయే మార్గం లేదు! ఒకరు రెండవవారి మీద తప్పు మోపాలి, నిరూపించాలి. ఒకరినొకరు నిందించకుండా విడిపోదామనుకున్న వారికి కోర్టులో దారి లేదు. ఇంగ్లండులోనూ అప్పుడు ఇదే తీరు. దంపతులు కూడబలుక్కొని వచ్చారని తేలితే అదే పెద్ద ఆటంకం. అక్కడ 1969 నాటి చట్టంతో ఆ పట్టు సడలింది. మన దేశంలో 1954 ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళి చేసుకున్న వారికి మాత్రమే పరస్పర సమ్మతి విడాకులు దొరికేవి. హిందూ వివాహ చట్టంలో '13బి' అనే సెక్షను చేరి అందరు హిందువులకూ ఆ దారి తెరుచుకున్నది 1976 మే 27 నుండి. మా ఊరి హనుమాండ్ల గుడి ముందు ఎన్ని తరాలుగానో సాగుతున్న పద్ధతికి శాసనం చేరుకోవడానికి అంత కాలం పట్టింది.

అయితే 1955 చట్టంలోనే ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచారు. 29వ సెక్షను రెండవ ఉపవిభాగం. ఆచారం గుర్తించిన పద్ధతిలో వివాహాన్ని రద్దు చేసుకునే హక్కుకు ఈ చట్టం అడ్డు కాదని దాని తాత్పర్యం. గోండులవంటి షెడ్యూల్డు తెగలకయితే, కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టమే వర్తించదని రెండవ సెక్షను చెబుతున్నది.

ఇప్పుడు నా తప్పు మీకు అర్థమై ఉంటుంది. 1986లో హిందూ దంపతులకు ఒప్పుదలతో విడిపోవడానికి రెండు దారులున్నాయి. 13బి క్రింద కోర్టుకు పోవడం ఒకటి. 29వ సెక్షను కిటికీ గుండా కులాచారం ప్రకారం విడిపోవడం రెండవది. కోర్టుకు పోకుండా కేవలం 'పరస్పర సమ్మతితో' అని వ్రాసుకుంటే అది ఏ దారీ కాదు. పెద్దమనిషి అక్షరం రాకపోయినా సరైన దారి చెప్పాడు. అక్షరం వచ్చిన నేను దానిని మూసివేశాను.

దావా వేశాం. 2002లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, ఆచారాన్ని బట్టి విడిపోయామనే వారు ఆ ఆచారాన్ని దావాలో స్పష్టంగా చెప్పాలి, సాక్ష్యంతో నిరూపించాలి. సిరాజుల్ హసన్ గ్రంథం నకలు తెచ్చాం. కులపెద్దలలో బ్రతికి ఉన్న ఇద్దరు వచ్చి, తమ ఇళ్ళలోనే జరిగిన ఇడుపులు చెప్పారు. తరువాత నేను బోనెక్కాను. పెద్దమనిషి ఏమన్నాడో, నేను ఏమి వ్రాశానో చెప్పాను. అవతలి వకీలు అడిగాడు, "ఆ మాటలు ఎందుకు తీసివేశారు?"

"అందం కోసం" అన్నాను. కోర్టు హాలులో ఎవరో నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరి సాక్షి ఆమె మొదటి భర్త. దుబాయి నుండి తిరిగి వచ్చి ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. రానంటాడేమో అనుకున్నాం. వచ్చాడు. "ఇద్దరం ఒప్పుకున్నం సారు. ఆమె మీద నాకు ఏ కోపం లేదు" అని చెప్పి, బోను దిగిపోతూ ఆమె వైపు చూసి తల పంకించాడు. ముప్పై మూడేళ్ళ క్రిందటి ఒప్పుదల మళ్ళీ ఒకసారి పలికింది. 2019లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. పింఛను వచ్చింది. మూడేళ్ళ తిరుగుడు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ వ్యవహారం తరువాత బంధువులు, పాత విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "ఇద్దరమూ ఒప్పుకున్నాం సార్, వాదులాట లేదు. మరి వకీలు ఎందుకు?" దీనికి జవాబు నాకు భాషలోనే దొరికింది.

మనం 'న్యాయవాది' అంటాం. వాదం చేసేవాడు అని అర్థం. వాదం లేని చోట న్యాయవాదికి పని లేదు, నిజమే. కాని మా తెలంగాణ పల్లెలలో ఇప్పటికీ వకీలు అంటారు. అరబ్బీ నుండి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ఆ మాటకు అప్పగింత పుచ్చుకున్నవాడు అని అర్థం. ముస్లింల నిఖాలో పెళ్ళికూతురి సమ్మతిని అడిగి తెచ్చి సభలో చెప్పే మనిషిని కూడా వకీలు అనే అంటారు. అంటే, ఆ మాటలో పోట్లాట లేదు. ఒకరి సమ్మతిని చెడకుండా మోసుకొని పోయి, చెప్పవలసిన చోట చెప్పడం ఉన్నది. ఒప్పుదల విడాకులలో మనకు కావలసినది సరిగా ఇదే. 1986లో ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను, సమ్మతిని మోశాను గాని దారిలో సగం ఒలకబోశాను.

కాబట్టి అడిగినవారికి నేను చెప్పేది ఇది. పెళ్ళయి యేడాది దాటి ఉండాలి, కనీసం యేడాదిగా విడిగా ఉండి ఉండాలి. పెళ్ళి జరిగిన చోటో, చివరిసారి కలిసి ఉన్న చోటో, భార్య ఇప్పుడు ఉంటున్న చోటో, అక్కడి కోర్టులో ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలల తరువాత, పద్దెనిమిది నెలల లోపల, మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. తగిన పరిస్థితులుంటే ఈ ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చునని 1991లోనే చెప్పింది. కనుక ఒప్పుకున్నాం కదా అని మధ్యలో ధీమా పడరాదు.

కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి మీద ఆధారపడినది. అయినా అర్జీ వ్రాయించడానికి ముందే వకీలును కలవడం మంచిది. ఇద్దరికీ ఒక్కడే ఉంటే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కాని పిల్లలు, ఇల్లు, బంగారం ఉన్న చోట ఎవరి వకీలు వారికి ఉండడమే క్షేమం. సొమ్ములు ఎవరికి ముట్టాయి, పిల్లలు ఎవరి దగ్గర, భరణం ఎంత అన్నవి నోటిమాటగా వదలక అర్జీలో వ్రాయించాలి. డబ్బు లేని స్త్రీలకు మరొక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా వకీలును పెట్టించుకునే హక్కు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. డిక్రీ నకలు తీసుకొని ఇనుప పెట్టెలో దాచుకోవాలి. అది ఎప్పుడు పనికివస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక కులాచారం ప్రకారమే ఇదివరకు విడిపోయిన వారు, పెద్దలు బ్రతికి ఉండగానే ఒక వకీలును అడిగి ఆ కాగితాన్ని చూపించుకోండి. సాక్షులు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. మా ఊరి పెద్దమనిషి ఆ దావా నాటికే లేడు.

తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్ల మీద ఆమె అన్న మాట చెప్పి ముగిస్తాను. "ఆ పొద్దు ఎవ్వలన్న ఒక్క మాట చెప్తే, గప్పుడే కరీంనగర్ వచ్చి వకీలును పెట్టుకుందుము గద సారూ."

చెప్పవలసినవాణ్ణి నేనే. పదేళ్ళ పాత చట్టం ఉన్నదని నాకూ తెలియదు. అందుకే ఆలస్యంగానైనా ఇక్కడ చెబుతున్నాను. మాట పుట్టుకలో గాని, చట్టం సంగతిలో గాని నేను పొరబడి ఉంటే విజ్ఞులు సరిదిద్దగలరు. ఈసారి మీ దిద్దుబాటును యథాతథంగా వ్రాసుకుంటాను.

స్వస్తి.